సన్నమట్టి సింకు పాలు

పరంజ్యోతి సార్, నేను రెండు దినాలు కదపకుండ నిలబెట్టిన గాజు జాడీల నీళ్లను మీరు సింకుల పారబోసి, జాడీలు తళతళ తోమిపెట్టిండ్రు. ఆడిట్ వాళ్లొస్తున్నరు, మురికి కనబడొద్దు అన్నరంట. మన ల్యాబ్ ఇంత సాఫ్‌గ ఎన్నడూ లేదు, ఒప్పుకుంట.

కానీ అది మురికి కాదు సార్. మా ఊరి చెరువు బురదను జల్లెడ మీద నీళ్లు పోసుకుంట కడిగితే కిందికి దిగిన సన్నమట్టి. సీసం, క్రోమియం ఉంటే ఎక్కువ పట్టుకునేది దానికే. జల్లెడ మీద మిగిలింది ఉత్త ఇసుక. ఇప్పుడు ఆ ఇసుకనే పరీక్ష చేసి, చెరువు మంచిగున్నదని రిపోర్టు రాయుమంటున్నరు. మా ఇంట్ల బియ్యం కడిగిన నీళ్లు గూడ పారబొయ్యరు, బర్రెకు పోస్తరు. మీకు డిగ్రీలు రెండున్నయి గని బర్రె లేదు, గంతే తేడా.

నేను పదో తరగతి ఫెయిల్. ఈ పని పాత మాన్యువల్ చదివి, ఫోన్ల చూసి నేర్చుకున్న. అందుకే కోపం మస్తున్నది. వచ్చే సోమవారం ఆ రిపోర్టు చూసుకొనే చెరువుల కొత్త చేపపిల్లలను వదులుతరు. ఆ చేపలు అమ్మేది మా చిన్నమ్మ మొగులమ్మ, తినేది మా ఇంటిల్లిపాది. మొన్న మీరు గూడ రెండు కిలోలు తీస్కపోయిండ్రు.

ఫ్రిజ్‌ల ఇంకో డబ్బా బురద ఉన్నది. మళ్ల మొదటి నుంచి చేస్త, మీరు సింకు దిక్కు రాకుండ్రి. ఇసుక రిపోర్టు ఆపుతున్నట్టు రాసి, సంతకం పెట్టి, ఈ బుధవారమే పొద్దుగాల పది గంటల లోపల నా చేతికియ్యుండ్రి.