నాకు రాని పనికి టిక్కులు

మార్చి 4, ఉదయం 9.10

నర్సుల ఏజెన్సీ ఇవాళ నన్ను ఐసీయూ డ్యూటీలో పడేసింది. ఇరవై రెండేళ్లు ఎముకల వార్డులో కట్లు కట్టిన చేతులివి. వెంటిలేటర్‌ను ముట్టుకున్న పాపాన పోలేదు. నాకు రాదని చెప్పాను. హెడ్ నర్సు ఏజెన్సీ పంపిన నా స్కిల్స్ ఫారం ముఖానికి ఆనించింది. వెంటిలేటర్: స్వతంత్రంగా చేయగలరు. ఎనభై గళ్లకు ఎనభై టిక్కులు. ఒక్కటీ నేను పెట్టింది కాదు.

రానప్పుడు ఎందుకొచ్చావమ్మా, ఇదేమైనా సంతా అని కసిరింది. పేషెంట్‌ను తీసుకోకుండా వచ్చేశాను.

అదే రోజు, మధ్యాహ్నం

ఏజెన్సీ కోఆర్డినేటర్‌కు నేను పెట్టుకున్న పేరు తేనెసీసా. ఫోన్ చేసి దులిపాను. అయ్యో మేడమ్, అన్నీ టిక్ చేస్తేనే షిఫ్టులు ఎక్కువొస్తాయి, మీ మంచికే, అందరికీ అలాగే చేస్తాం అంది. అందరికీనట!

మంచం అద్దెకిచ్చేవాడైనా కోళ్లు సరిచూసి ఇస్తాడు. మనుషుల్ని అద్దెకిచ్చే వీళ్లకు ఆ మాత్రం పట్టింపు లేదు.

మార్చి 5

షిఫ్టు లేదు.

మార్చి 8

షిఫ్టు లేదు. డ్యూటీ నిరాకరించిందని నా పేరు పక్కన రాశారట. నోరు కాస్త అదుపులో పెట్టుకుంటే నీ సొమ్మేం పోయింది అన్నాడు మా ఆయన. ఎవరి ప్రాణమో పోయేది అన్నాను. కూరలో ఉప్పు వేయలేదు, కావాలనే.

మార్చి 9

ఐసీయూకి నా బదులు ఓ చిన్న నర్సుపిల్లను పంపారు. పాసై ఏడాది కాలేదు. మొన్నటిదాకా నా పక్కనే కట్లు కట్టేది, పిన్నీ పిన్నీ అంటూ. నిన్న అలారం మోగితే మెషీన్ చెడిందనుకుని అలారం ఆపేసిందట. నిజానికి ఓ పెద్దాయన ఊపిరి గొట్టం ఊడి ఉంది. పక్క బెడ్ నర్సు పరుగెత్తుకొచ్చింది కాబట్టి ఆ పెద్దాయన బతికాడు. విచారణ వేశారు. పిల్ల నర్సు రిజిస్ట్రేషన్‌కే ఎసరు.

మార్చి 10

తేనెసీసా ఇంటికే వచ్చింది. ఆ పిల్లకు మూడు రోజులు వెంటిలేటర్ నేర్పినట్టు నేను సంతకం పెట్టాలట. పెడితే పిల్ల గట్టెక్కుతుంది, నా షిఫ్టులు నాకొస్తాయి. ఈత రానిదాన్ని ఈత పంతులమ్మను చేస్తారన్నమాట!

వెనకాలే పిల్ల, ఏడ్చి ఉబ్బిన కళ్లతో. ఒక్క సంతకమే కదా పిన్నీ అంది.

కోపం పిల్ల మీద కాదు. పడింది మాత్రం ఆమె మీదే. ఇవాళ ఇది కప్పెడితే రేపు ఇంకో పిల్లను అదే మంచం దగ్గర నిలబెడతారు, ఆ మంచం మీద మీ అమ్మ ఉంటే అన్నాను. సంతకం పెట్టలేదు. పిల్ల చెప్పులు చేత్తో పట్టుకునే వెళ్లిపోయింది.

దాని బతుకు తీసింది నేనేనా?

మార్చి 12

పిలవకపోయినా విచారణకు వెళ్లాను. నా ఫారం కథంతా చెప్పాను. పిల్ల లేచి, నాకు రాదు సార్, రాదని నన్ను పంపినవాళ్లకూ తెలుసు అంది.

పిల్ల రిజిస్ట్రేషన్ ఉంది కానీ ఆరు నెలలు సస్పెన్షన్. ఏజెన్సీకి ఆరు లైన్ల హెచ్చరిక లేఖ. తప్పు చేయించినవాళ్లకు ఉత్తరం, చేసినదానికి ఉరి. వీళ్ల త్రాసు తగలెయ్య!

మార్చి 13, ఉదయం 6.20

ఏజెన్సీ మెసేజ్. ఐసీయూ, ఏడింటికి, అన్ని అర్హతలూ ఉన్న నర్సునట నేను. కుదరదన్నాను. అంటే ఈపాటికి ఆ మెసేజ్ ఇంకెవరికో వెళ్లి ఉంటుంది.

బస్సులో రాస్తున్నాను. ఐసీయూ తలుపు దగ్గర నిలబడాలి. వచ్చినదాన్ని ఆపి అడగాలి, నీకు వచ్చా అని.