గదికొక్క చీటీ

వాట్‌గంజ్, కలకత్తా
12 ఆగస్టు 1998

తవిటికి గవరయ్య రాస్తున్నాను. ఒళ్ళు నొప్పులు తప్ప ఇక్కడ అందరం కులాసా.

రక్తం చూపించుకుని చీటీ తెస్తేగాని పూజల సెలవులకి గుమ్మం తొక్కొద్దని రాశావు. ఇదిగో, చీటీ ఇందులోనే పెట్టాను. మా చేపల బజారులో డాక్టర్లు శిబిరం పెట్టారు. ఇల్లు వదిలొచ్చిన కలాసీలకి సవాయి రోగం, ఎయిడ్సూ తొందరగా అంటుకుంటాయట. శిబిరం దగ్గర పెట్టిన మీటింగుకి మా కలాసీల సంఘం తరఫున నేనే అధ్యక్షుణ్ణి. తొడుగులు వాడండ్రా అని గంటసేపు చెప్పాను. చప్పట్లు కొట్టారు.

నీ గవరయ్య

తా.క.: చీటీ మీద బైరాగి పేరుంటుంది, కంగారు పడకు. కిరసనాయిలు క్యూలో గదికొకడు నిలబడతాం గదా, అలాగే మా తొమ్మిదిమందికీ వాడే నిలబడ్డాడు. ఒక్క కుండలో అన్నం తింటున్నాం, వాడి రక్తం బాగుంటే నాదీ బాగున్నట్టే.

పెదవలస, టెక్కలి దగ్గర
24 ఆగస్టు

మావా, తవిటి చెప్పి రాయిస్తోంది. రాసేది కామాక్షమ్మ పంతులమ్మ. సిగ్గేసి నా తిట్లు రెండు వదిలేసింది.

బైరాగి రక్తం బాగుంటే సంతోషమే. వాడొచ్చి నాతో కాపురం చేస్తాడేటి? అధ్యక్షుడికి ఒంట్లో రక్తం ఉండదేటి? గంటసేపు ఊరందరికీ చెప్పినోడివి, ఒక్క నిమిషం చెయ్యి చాపలేకపోయావా? నీ పేరున్న చీటీ వస్తేనే తలుపు తీస్తాను.

ఇట్లు తవిటి

తా.క.: ఆ చీటీ బైరాగి పెళ్ళాం అప్పలకొండమ్మకి ఇచ్చేశాను. పసుపు రాసి దేవుడి దగ్గర పెట్టుకుంది.

వాట్‌గంజ్
5 సెప్టెంబరు

తవిటమ్మకి,

నీ ఉత్తరం మా గదిలో ఉండే పోలిరాజు లాక్కుని అందరికీ వినపడేలా చదివేశాడు. బజారంతా ఒకటే నవ్వు. మొగుడి మీద ఇంత అనుమానమా? ఎవడే నీకు నూరిపోసింది? నిన్న మీటింగులో నీ ఉత్తరాన్ని ఖండిస్తూ తీర్మానం పెట్టాం. ఏకగ్రీవంగా నెగ్గింది. నన్ను నమ్మకపోతే పూజలకి రాను. అసలెప్పటికీ రాను.

గవరయ్య, అధ్యక్షుడు

తా.క.: నిజం చెప్పాలంటే నాకు సూదంటే భయం. ఈ ముక్క కామాక్షమ్మని చదవొద్దని చెప్పు.

పెదవలస
19 సెప్టెంబరు

మావా, ఈసారి నేనే రాసుకుంటున్నాను. తప్పులుంటే సర్దుకో. ఇది పంతులమ్మ చూసేది కాదు.

నాకెవరూ నూరిపోయలేదు. అనుమానం కూడా లేదు. నిరుడు పూజలకి నువ్వొచ్చి వెళ్ళాక నా ఒంటినిండా మచ్చలు లేచాయి. నర్సు అమ్మన్నమ్మ నన్ను టెక్కలి తీసుకెళ్ళింది. సవాయి రోగమన్నారు. ఆ డాక్టరు నన్ను చూసిన చూపుకి సిగ్గుతో చచ్చిపోయాను. వారానికొకటి చొప్పున మూడు సూదులు వేశారు. నాకు తగ్గింది. ఏడ్చాను, నిన్ను నోటికొచ్చినట్టు తిట్టాను, ఆనక నీ ఒంట్లో అదేం చేస్తోందోనని భయపడ్డాను. అందుకే చీటీ అడిగాను. మందు పడకుండా నువ్వొస్తే నాకు మళ్ళీ మొదలవుతుందట. రావద్దని కాదు మావా, ముందు చూపించుకుని రా.

నీ తవిటి

తా.క.: నీ గదిలో మిగతా ఏడుగురి పెళ్ళాల పేర్లూ ఊళ్ళూ రాసి పంపమంటోంది అమ్మన్నమ్మ. మీ తొమ్మిదిమందికీ ఒక్క సూది సరిపోయింది గాని, మాకు ఎవరి సూదులు వాళ్ళకే వేస్తారు.