స్తంభం మీద మీ సున్నం

మీరు చదవరని తెలిసే రాస్తున్నాను. బతికున్నప్పుడు మాత్రం నా మాట ఏం విన్నారు గనుక!

ఈరోజు మీ తిథి. మనవరాలు హేమ బెంగళూరు నుంచి ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని హోసూరుకు వచ్చింది. కంప్యూటర్ ఆటలకు బొమ్మలు గీసే చదువు చదివింది కదా, అందులో తాను ఏ పని ఎంచుకుందో చెప్పింది. పాత గోడలు గీయడమట! నూనెలో వడ వేయబోతున్న నా చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"వీరులనీ రాక్షసులనీ వదిలిపెట్టి గోడలకు మురికి పూస్తావా? దీనికేనా నిన్ను చదివించినాము?"

"వాళ్ళను గీసేవాళ్ళు యాడ చూసినా ఉండారవ్వా. ఒక్కో ఉద్యోగానికి తిరునాళ్ళంత గుంపు. మురికిగోడ బాగా చేసేవాళ్ళే దొరకరు. ఇది చూసే నాకు పని ఇచ్చినారు, నువ్వూ చూడు."

చూశాను. కృష్ణగిరిలో మన మామిడికాయల మండీ! రోడ్డు వెడల్పు చేసేటప్పుడు కూల్చేసిన మండీ, తెర మీద అలాగే నిలబడి ఉంది. మీ కుర్చీ, పక్కనే స్తంభం. దాని మీద, సరిగ్గా మీ చెయ్యి అందే ఎత్తున, తమలపాకుకు రాయగా మిగిలిన సున్నాన్ని వేలితో తుడిచిన తెల్లటి గీతలు. ఆ గీతల కోసం మిమ్మల్ని కాపురమంతా తిట్టాను.

"మీ తాత యాడమ్మీ?" అన్నాను.

"మనుషులు వేరేవాళ్ళ పని అవ్వా. నాది చోటు వరకే."

అలవాటు కొద్దీ కొంగు తీసి తెర మీద ఆ సున్నం తుడిచాను.

పోలేదు.