పలికిన నూనె

మంగళవారం

కొత్త అల్ట్రాసౌండ్ పరికరాన్ని ఈరోజు వర్క్‌షాప్‌లో మొదటిసారి వాడాను. బొగ్గును మోసే బెల్టు గేర్‌బాక్స్ నూనెలోకి అది మన చెవికందని శబ్దాన్ని పంపుతుంది. నీళ్లు కలిస్తే ఆ శబ్దం వేగం మారుతుంది. మారింది.

రాజయ్య కాక ఒప్పుకోలేదు. ముప్పై ఏళ్ల ఫిట్టర్ ఆయన. బాగా కాగిన ఇనుప రేకు మీద నూనె చుక్క వేస్తాడు. చిటపటమంటే నీళ్లున్నట్టు. దాన్నే "పలికింది" అంటాడు.

"పొద్దుగాలనే చూసిన బిడ్డా, పలకలే. నీ మిషనే తప్పు చెప్తున్నది."

నాకు రోషం వచ్చింది. "మళ్లొక్కసారి వెయ్యి కాకా, అందరం విందం" అన్నాను. ఆ మాట అందరి ముందు అనకుండా ఉండాల్సింది.

వేశాడు. గుమ్మం దగ్గరున్న వాళ్లకు కూడా వినిపించేలా చిటపటలాడింది. కాక మాత్రం రేకునే చూస్తూ, "చూసినవా, సప్పుడే లేదు" అన్నాడు.

అందరం ఆయన వైపు తిరిగాం. మా ముఖాలు చూశాక ఆయనకు అర్థమైంది.

నూనె మార్పించాం. రిజిస్టర్‌లో పరికరం చూపింది మాత్రమే రాశాను, రేకు సంగతి రాయలేదు. వచ్చే నెల కాకకు మెడికల్ పరీక్ష ఉంది. చెవులు పోయాయని తేలితే ఈ పని నుంచి తీసేస్తారేమో. దాచి మంచి చేశానో, చెడు చేశానో...

షిఫ్టు దిగేముందు కాక నా దగ్గరికి వచ్చాడు.

"గట్టిగనే పలికిందా బిడ్డా?"

తలూపాను.

చల్లారిన రేకును గుడ్డతో తుడిచాడు.

"ఎప్పటిసంది పలుకుతున్నదో" అన్నాడు.