సిద్ధమ్మ కేసు రిపోర్టులో రాయని కారణాలు

ప్రమాదాల విచారణాధికారి గారికి,

అయ్యా,

విషయం: చెనక్కాయల సిద్ధమ్మ ప్రమాదం రిపోర్టులో వదిలేసిన కారణాలు చేర్చడం గురించి.

గత నెల 11న ఉదయం తిరుపతి-చిత్తూరు రోడ్డులో మా స్కూలు ముందర సిద్ధమ్మను చక్రధర్ గారి కారు గుద్దింది. ఆమె మా గేటు దగ్గర ఉడికించిన చెనక్కాయలు అమ్మేది. ఆమె కుడికాలు మోకాలి పైదాకా తీసేశారు. సోమవారం కేసు మూసేస్తారని తెలిసి ఇది రాస్తున్నాను.

1. దెబ్బ అంత గట్టిగా తగలడానికి రిపోర్టులో మూడు కారణాలు రాశారు. ఆమె వయసు 61. మబ్బు పట్టిన పొద్దున ఆమె ముదురు రంగు చీర. జీబ్రా గీతలు లేని చోట ఆమె దాటడం. మూడూ ఆమెవే. కారుది ఒక్కటీ లేదు. ఆ గీతలు మా స్కూలుకు ముప్పావు కిలోమీటరు దూరం. తలమీద గంపతో అంత దూరం పోయి, దాటి, మళ్ళీ అంత దూరం వెనక్కి రావాలన్నమాట.

2. వేగం ముప్పై అని రాశారు. మీటరులో 78 ఉంది.

3. కారు ముందు ఇనుప గార్డు ఉండేది. బర్రె అడ్డం వచ్చినా బండికి గీత పడకూడదని బిగించింది. బంపరు కాస్తయినా లొంగుతుంది. ఇనుము లొంగదు. చక్రధర్ గారు కారు ఆపకుండా ఇంటికి వచ్చి, గార్డు విప్పి, గుమ్మడికాయ కొట్టి, ముందంతా కుంకుమ పూసి, ఆ తర్వాతే స్టేషనుకు వెళ్ళారు. ఎరుపు కనిపించినా దిష్టి తీశారనే అనుకుంటారు కదా. రిపోర్టు కాపీ నాయన ఇంటికి తెచ్చి చదివాడు.

"సూడు, అంతా ఆ ముసల్దాని తప్పే అని రాసినారు. మన బండి మాటే లేదు."

"దేవుడు సల్లగా సూసినాడు," అనింది అమ్మ.

నాయన అని రాసేశాను. కొట్టివేయను. చక్రధర్ గారు మా నాయన. నేను ముందు సీట్లో ఉన్నాను.

4. ఇంకో కారణం కూడా చేర్చండి. ఆ రోజు నాకు ఫిజిక్స్ పరీక్ష. "బిరీన పో నాయనా, లేటయితాది" అని నేనే అన్నాను. వేగం రెండింతలయితే దెబ్బ నాలుగింతలని, తర్వాత నాకు విడిగా పెట్టిన పరీక్షలో రాశాను. ఫుల్ మార్కులు వేశారు. సిద్ధమ్మ నన్ను ఎప్పుడు చూసినా "దా పాపా, ఇంగో గుప్పెడు పట్టు" అని కొసరు వేసేది.

కావున కేసు మూయకముందే పై సంగతులు తమరు చిత్తగించవలెను. రాసింది నేనని మా ఇంట్లో చెప్పవద్దని ప్రార్థన. చెబితే నేను ఆ ఇంట్లో ఉండలేను.

తమ విధేయురాలు,
పేరు రాయను.

తా.క.: గార్డు మా మామిడితోటలో, మోటారు షెడ్డులో, గోనెసంచుల కింద ఉంది. ఆ సంగతి తెలిసింది నాయనకు, అమ్మకు, నాకు. మీరు అక్కడికి పోయిన నిమిషమే ఎవరు చెప్పారో ఆయనకు తెలిసిపోతుంది. అయినా పోండి. సోమవారం లోపల పోండి.