అమ్మ కాలికి బిగించిన తాడు

శంకరూ, అమ్మ ఆధార్ కార్డు నీ బీరువాలో ఉంది. తాళం నీ దగ్గరే ఉంది కనుక ఇంటికి రాగానే అది తీసుకుని పెద్దాసుపత్రికి రా. నేను మళ్లీ అక్కడికే వెళ్తున్నాను.

పాము కరిచిన మనిషిని నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలని నీకు తెలీదా? స్టీల్‌ప్లాంటులో సేఫ్టీ క్లాసులు వింటావే! కాలికి తాడు బిగించి, బ్లేడుతో గాటు పెట్టి, ఆనందపురంలో మంత్రగాడి అరుగు మీద రెండు గంటలు కూర్చోబెట్టావు. ఫోన్ చేస్తే "మంత్రమేస్తన్నాడక్కా, నువ్ ఊరుకో" అన్నావు. చివరికి నేనే వచ్చి అమ్మను ఆసుపత్రిలో చేర్చాను.

విరుగుడు ఇంజక్షన్లు ఎక్కించాకే అమ్మ కనురెప్పలు ఎత్తగలిగింది. తాడు బిగిసిన చోట కాలు నల్లబడింది. అది నిలుస్తుందో లేదో రేపు చెబుతారట. ఆ నలుపు పాము చేసింది కాదు, నువ్వు చేసింది.

కుసుమక్క

తెలివి రాగానే అమ్మ "ఆడ్నేటీ అనకే, బయపడిపోనాడు" అంది. నోరెత్తనని మాటిచ్చాను. అందుకే రాస్తున్నాను.