పోలీసు పిస్తోలుకు పసుపు కుంకుమ

క్యారీ

గౌరవనీయులైన మామయ్యగారికి నమస్కారాలు.

మీరిప్పుడుంటున్న మీ పెద్దమ్మాయి స్రవంతి వదినగారింట్లో ఏ ఫోనొచ్చినా స్పీకర్‌లో పెడతారు. అందుకే ఈ ఉత్తరం.

నీహారిక అలిగి మీ దగ్గరికి రావడానికి కారణం చెప్పే ఉంటుంది. మా వీధిలో రెండిళ్ళలో బంగారం పోయింది. భయమేసి నేనొక పిస్తోలు కొన్నాను. కొత్తది కాదు. ఇక్కడ అమెరికాలో పోలీసులు కొత్త తుపాకులు తీసుకునేటప్పుడు పాతవి షాపుకు ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేస్తారు. షాపువాళ్ళు వాటిని మనలాంటివాళ్ళకు చవగ్గా అమ్ముతారు.

"ఇంట్లో అదైనా ఉండాలి, నేనైనా ఉండాలి" అని నీహారిక వెళ్ళిపోయింది. మీరు సర్కిల్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరైనవారు. పోలీసుల చేతిలో నలిగిన వస్తువు కాబట్టి భయం లేదని మీరొక్క మాట చెబితే వచ్చేస్తుంది. ఆమె లేని ఇల్లు ఇల్లులా లేదు.

మీ విధేయుడు,
రవికాంత్

తా.క. ఫొటో జతచేశాను. వెలుతురు బాగుంటుందని వంటింటి గట్టు మీద పెట్టి తీశాను.

* * *

నేపర్‌విల్

చిరంజీవి అల్లుడుగారికి ఆశీస్సులు.

మీ ఉత్తరం చదివి నవ్వాలో, మీ మీద కేసు కట్టాలో తేల్చుకోలేకపోయాను. పోలీసులు తుపాకులు అమ్ముకుంటారా? మా స్టేషన్‌లో ఒక్క తూటా కనబడకపోతే, అది రైటరు సొరుగులో దొరికేదాకా ఎవరికీ అన్నం సయించేది కాదు. అలాంటిది తుపాకీయే బజారుకొచ్చిందంటే అర్థమేమిటి? ఎవడో కానిస్టేబుల్ పోగొట్టుకున్నాడు, ఎవడో దొంగ అమ్మాడు, మీరు కొన్నారు. దొంగలకు భయపడి దొంగసొత్తు కొన్న మొనగాడు నా అల్లుళ్ళలో మీరొక్కరే.

పోనీ, పోలీసులే అమ్మారనుకుందాం. ఫొటో చూశాను. ఒక పక్క రంగు పోయింది. అది దొంగల వెంట పరుగెత్తితే పోయిన రంగు కాదు, కారు సీటుకు ఒరుసుకుని పోయిన రంగు. దాన్ని మోసిన మహానుభావుడు సర్వీసంతా కూర్చుని డోనట్లు తిన్నాడు. మీదీ కూర్చునే ఉద్యోగమే కాబట్టి దానికి కొత్తగా అనిపించదు.

వెంటనే షాపుకు వెళ్ళి, దాన్ని మోసిన పోలీసు పేరు కనుక్కోండి.

ఇట్లు,
కొండల్ రావు, రిటైర్డ్ సర్కిల్ ఇన్‌స్పెక్టర్

తా.క. ఫొటో మీ అత్తగారు రత్నం కూడా చూసింది. తుపాకీ గురించి ఏమీ అనలేదు. పక్కన సింకులో నానుతున్న గిన్నెలు ఎప్పటివని అడుగుతోంది.

* * *

క్యారీ

మామయ్యగారికి నమస్కారాలు.

గిన్నెలు కడిగాను.

షాపుకు వెళ్ళాను. పోలీసు పేరు వాళ్ళకూ తెలియదట. కానీ అది దొంగసొత్తు కాదు. పోలీసు శాఖ నుంచి అట్టపెట్టెలకొద్దీ వచ్చిన వాటిలో ఒకటి, నా కళ్ళతో చూశాను.

అయితే మీ ఉత్తరం చదివినప్పటినుంచి మనసు పీకుతోంది. ఎవరి చేతిలో ఉందో, ఏ పాపం అంటిందో! పాత కారు కొన్నా పూజ చేయిస్తాం కదా? గుడికి తుపాకీ తీసుకెళ్ళకూడదు కాబట్టి పంతులుగారినే ఇంటికి పిలిచాను. ఫోన్‌లో "సెకండ్ హ్యాండ్‌ది తీసుకున్నానండీ, పూజ చేయాలి" అన్నాను. ఆయన కారనుకుని నాలుగు నిమ్మకాయలు పట్టుకొచ్చారు. డ్రైవ్‌వేలో నిలబడి, "చక్రాల కింద పెట్టేద్దాం, బండి ఏదండీ?" అన్నారు. చూపించాను. ఆయన నిమ్మకాయలు నా చేతిలో పెట్టేసి వెనక్కి జరిగారు. తర్వాత "తూటాలు తీసేశారు కదా బాబూ?" అని అడిగిందే అడిగి, మెయిల్‌బాక్స్ దగ్గర నిలబడి మంత్రం చదివారు. పసుపు కుంకుమలు నన్నే పెట్టమన్నారు.

భక్తి కొద్దీ గొట్టం నిండా పట్టించాను. పైన కొబ్బరినీళ్ళు పోశాను. ఇప్పుడు ఏ భాగమూ కదలడం లేదు. దయచేసి ఈ సంగతి నీహారికకు చెప్పకండి.

మీ విధేయుడు,
రవికాంత్

తా.క. నిమ్మకాయలు పారేయకుండా పులిహోర చేసుకున్నాను. ఆ గిన్నె కూడా కడిగానని అత్తయ్యగారికి చెప్పండి.

* * *

నేపర్‌విల్

చిరంజీవి అల్లుడుగారికి ఆశీస్సులు, వారి తుపాకీకి సానుభూతి.

నా సర్వీసులో తుప్పు పట్టిన తుపాకులు చూశాను. ముస్తాబై పేరంటానికి బయల్దేరిన పిస్తోలును చూడలేదు. దసరాకు మేమూ ఆయుధపూజ చేసేవాళ్ళం. బొట్టు పైన పెట్టేవాళ్ళం, గొట్టంలో కూరేవాళ్ళం కాదు. ఇప్పుడు దొంగ వస్తే ఏం చేస్తారు? తాంబూలం ఇచ్చి పంపుతారా?

నీహారికకు చెప్పవద్దన్నారు. చెప్పలేదు. ఉత్తరం పైకి చదివానంతే. నవ్వీ నవ్వీ సోఫాలోంచి జారింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, "నాన్నా, అది నిజంగా పేలదా?" అంది. అప్పడమైనా చప్పుడు చేస్తుందేమో గానీ ఇది చేయదని హామీ ఇచ్చాను. "అయితే వెళ్తాను. నాకూ ఇక్కడేం తోచడం లేదు" అని శుక్రవారం సాయంత్రానికి టికెట్ బుక్ చేసింది.

కాబట్టి అది అలాగే ఉండాలి. ఎవరిచేతా బాగుచేయించకండి.

ఇట్లు,
కొండల్ రావు

తా.క. ఆయుధాన్ని పాడుగా ఉంచమని ఒక పోలీసు చేత రాయించారు. మీరు సామాన్యులు కారు.

* * *

క్యారీ, శుక్రవారం పొద్దున

మామయ్యగారికి సాష్టాంగ నమస్కారాలు.

మీ ఉత్తరం నిన్న అందింది. అప్పటికే ఆలస్యమైపోయింది. మొన్ననే పిస్తోలును షాపుకు తీసుకెళ్ళాను. షాపువాడు అందులోని పసుపు చూసి, పనివాళ్ళందరినీ పిలిచి చూపించాడు. పోలీసులు ఇన్నేళ్ళు మోసినా దానికింత దుర్గతి పట్టలేదన్నాడు. అన్నీ విప్పి, కడిగి, నూనె వేసి ఇచ్చాడు. కొత్తదానికంటే బాగా పనిచేస్తోంది.

మీ ఉత్తరం చదవగానే పిస్తోలు తీసుకుని లేచాను. అమ్మేద్దామని షాపుకు పరుగెత్తాను. పోలీసులు వాడినవైతే తీసుకుంటారట, నేను వాడింది తీసుకోరట.

అది పేలదనే నమ్మకంతో నీహారిక వస్తోంది. ఆమెతో అబద్ధం చెప్పలేను. అందుకని రాత్రి స్నానం చేసి, తూటాలు లేవని చూసుకుని, మళ్ళీ పూజకు కూర్చున్నాను. ఈసారి పసుపుతో సరిపెట్టలేదు. పాలు, పెరుగు, నెయ్యి, తేనె, పంచదారతో అభిషేకమే చేశాను. మీ హామీకి ఇక ఢోకా లేదు.

మీ విధేయుడు,
రవికాంత్

తా.క. ఇప్పుడే చూశాను, చీమలు పట్టాయి. గొట్టంలోంచి బారులు తీరి బయటికొస్తున్నాయి. దాని సర్వీసు మొత్తంలో అందులోంచి ఏదైనా బయటికి రావడం ఇదే మొదటిసారి అనుకుంటాను.